అసాధ్యం అన్న మాట ఎవరిది?
ఇంగ్లీషు జాతీయాల మీద ఒక ఉపాధ్యాయ పరిశీలన

ఇంగ్లీషు వ్యాకరణం గైడు ఏది తెరిచినా చివర్లో ఇడియమ్స్ జాబితా ఒకటి ఉంటుంది. ఎడమ పక్క ఇంగ్లీషు మాట, కుడి పక్క తెలుగు అర్థం. పిల్లలు కంఠతా పడతారు, పరీక్షలో జతపరుస్తారు, సెలవుల్లో మరిచిపోతారు. టీచర్ ట్రైనింగులో మేమూ అలాగే నేర్చుకున్నాం. ఉద్యోగంలో చేరాక చాలా ఏళ్లు అలాగే చెప్పాం. ఆ జాబితాలో అసాధ్యమైన వాటి గురించి చెప్పే జాతీయాలు ఒక గుంపుగా ఉంటాయి. పందులు ఎగరడం, నరకం గడ్డకట్టడం, రాయి నుంచి నెత్తురు పిండడం, చిరుతపులి మచ్చలు మార్చుకోవడం వంటివి. వీటి అర్థం ఏమిటి, వాడుక ఏమిటి, వీటి వెనక ఉన్న చూపు ఏమిటి అని మన యువతతోనూ తోటి ఉపాధ్యాయులతోనూ నాలుగు మాటలు పంచుకోవాలని ఈ వ్యాసం రాస్తున్నాం.

రాయడానికి ఒక కారణం ఉంది. అది ముందే చెప్పాలి.

కొన్నేళ్ల కింద మేము పనిచేసే ఆశ్రమ పాఠశాలకు తనిఖీకి ఒక అధికారి వచ్చారు. ఐదో తరగతి పిల్లలను ఇంగ్లీషులో రెండు ప్రశ్నలు అడిగారు. పిల్లలు బిత్తరపోయి నిలబడ్డారు. ఆయన పక్కనున్నాయన వైపు తిరిగి నవ్వుతూ, "దీజ్ చిల్డ్రన్ విల్ స్పీక్ ఇంగ్లీష్ వెన్ పిగ్స్ ఫ్లై" అన్నారు. ఇద్దరూ నవ్వారు. వాళ్లు నవ్వారు కాబట్టి పిల్లలూ నవ్వారు. జీపు వెళ్లిపోయాక ఒక పాప వచ్చి, "సార్, పెద్ద సారు మనల్ని ఏమన్నాడు?" అని అడిగింది. మేము తలవంచుకుని, "బాగా చదువుకోండి అన్నాడమ్మా" అని చెప్పాం.

అది అబద్ధం. ఆ పాప ఎనిమిదో తరగతిలో ఉండగా గైడు పట్టుకుని మళ్లీ వచ్చింది. పందుల జాతీయం కింద వేలు పెట్టి, "సార్, ఆ రోజు ఆ సారు అన్నది ఇదే కదా?" అంది. గైడులో దాని ఎదురుగా రాసిన అర్థం ఒక్కటే మాట: అసాధ్యం. ఆ పాపకు మేము బాకీ పడిన జవాబే ఈ వ్యాసం.

అర్థం తెలిస్తే చాలదు

ముందు పందుల సంగతి చూద్దాం. ఇది ఇంగ్లీషువాళ్ల పాత మాట. 1616లో అచ్చయిన ఒక ఇంగ్లీషు–లాటిన్ నిఘంటువులోనే పందులు తోక ముందుకు పెట్టి గాలిలో ఎగరడం గురించిన సామెత ఉంది. అంటే మొదట్లో పంది ఎగరడమే కాదు, వెనక్కి ఎగరడం కూడా ఉండేది. తర్వాత తోక ఊడిపోయి మాట పొట్టిదయింది. బ్రిటన్‌లో "పిగ్స్ మైట్ ఫ్లై" అనడం ఎక్కువ, అమెరికాలో "వెన్ పిగ్స్ ఫ్లై" అనడం ఎక్కువ.

గైడులో దీనికి 'అసాధ్యం' అని రాసి వదిలేస్తారు. అది సగం అర్థమే. ఈ మాటలో వెటకారం ఉంది. ఎవరో ఒక ఆశ చెబితే, ఒక మాట ఇస్తే, దాన్ని కొట్టిపారేయడానికి ఎదుటివాడు అనే మాట ఇది. అప్పు తీసుకున్న మనిషి వచ్చే నెల తీరుస్తానన్నాడని ఒక స్నేహితుడు చెబితే, రెండోవాడు "ఆఁ, పందులు ఎగిరినప్పుడు" అంటాడు. సమాన వయసు వాళ్ల మధ్య, చనువున్న చోట చెల్లుతుంది. దరఖాస్తులో రాయకూడదు, ఇంటర్వ్యూలో అనకూడదు, పెద్దల ముందు అంతకన్నా కూడదు. అక్కడ 'ఇంపాజిబుల్', 'అన్‌లైక్లీ' అనే మామూలు మాటలున్నాయి. అధికారి పిల్లల ముందు ఆ మాట అనడం ఎందుకు తప్పో అర్థం ఒక్కటే చూస్తే తెలియదు, వాడుక చూస్తేనే తెలుస్తుంది.

వ్యాకరణం కూడా ఒకటుంది. మన పిల్లలు 'వెన్ పిగ్స్ విల్ ఫ్లై' అని రాస్తారు. జరగబోయే సంగతి కదా అని 'విల్' పెడతారు. ఇంగ్లీషులో ఇలాంటి 'వెన్' తర్వాత వర్తమాన క్రియే వస్తుంది. ఈ ఒక్క జాతీయంతో ఆ సూత్రం మొత్తం చెప్పొచ్చు. గైడులో ఆ ఊసే లేదు.

అరుదు వేరు, అసాధ్యం వేరు

గైడులు చేసే రెండో పొరపాటు అరుదైన దాన్నీ అసాధ్యమైన దాన్నీ ఒకే గాటన కట్టడం. "వన్స్ ఇన్ ఎ బ్లూ మూన్" అనే మాటను కూడా అసాధ్యాల పక్కన పెడతారు. దాని అర్థం ఎప్పుడో ఒకసారి అని. ఎప్పుడూ జరగదని కాదు.

ఇప్పుడు బ్లూ మూన్ అంటే ఒకే ఇంగ్లీషు నెలలో వచ్చే రెండో పున్నమి. పున్నమికీ పున్నమికీ మధ్య ఇరవై తొమ్మిదిన్నర రోజులు. నెలకు ముప్పై, ముప్పై ఒకటి. కాబట్టి నెల మొదటి రోజునో రెండో రోజునో పున్నమి వస్తే ఆఖరున ఇంకోటి పడుతుంది. సగటున రెండున్నర ఏళ్లు దాటాక ఒకసారి ఇలా జరుగుతుంది. నిజానికి ఈ లెక్క 1946లో అమెరికాలో ఒక ఖగోళ పత్రికలో వచ్చిన పొరపాటు వివరణతో వ్యాపించింది. అంతకు ముందు, ఒక రుతువులో మూడు పున్నములకు బదులు నాలుగు వస్తే అందులో మూడోదాన్ని అలా పిలిచేవారు. ఏ లెక్కలో చూసినా ఆ రాత్రి చంద్రుడు నీలంగా ఏమీ ఉండడు. చంద్రుడు నిజంగానే నీలంగా కనిపించింది 1883లో. ఇండోనేషియాలో క్రకటోవా అగ్నిపర్వతం పేలి బూడిద ఆకాశమంతా కమ్మినప్పుడు చాలా చోట్ల జనం నీలి చంద్రుణ్ణి చూశారు.

దీన్ని మన పిల్లలకు చెప్పడం కష్టం కాదు. తెలుగు పంచాంగంలో అధికమాసం ఉంది. అది కూడా దాదాపు ముప్పై రెండు, ముప్పై మూడు నెలలకోసారి వస్తుంది. రెండింటి వెనకా ఉన్నది చంద్రుడి నెలకూ సూర్యుడి ఏడాదికీ కుదరని లెక్కే. ఇంకా దగ్గరి ఉదాహరణ మన అడవిలోనే ఉంది. వెదురు జాతిని బట్టి ఇరవై, ముప్పై, నలభై ఏళ్లకోసారి పూస్తుంది. పూసి, గింజ కట్టి, పొద పొదంతా ఎండిపోతుంది. ఆ వెదురు బియ్యం ఏరుకుని వండుకున్న పెద్దవాళ్లు మన ఊళ్లలో ఇంకా ఉన్నారు. మా తాత ఎవరి వయసు చెప్పాలన్నా "వెదురు పూసిన ఏడు పుట్టాడు" అనేవాడు. తరగతిలో మేము "వన్స్ ఇన్ ఎ బ్లూ మూన్ అంటే వెదురు పూసినట్టు" అని చెబితే మళ్లీ చెప్పాల్సిన పని లేకపోయింది. ఆ 'ఎ' అక్షరం వదిలేసి రాయకండి అని మాత్రం చెప్పాలి.

ఒకరి అసాధ్యం ఇంకొకరికి అర్థం కాదు

ప్రతి జనమూ తన చుట్టూ ఉన్న వాటితోనే అసాధ్యాన్ని చెప్పుకుంటుంది. ఇంగ్లీషులో "వెన్ హెల్ ఫ్రీజెస్ ఓవర్" అంటారు, నరకం గడ్డకట్టినప్పుడు అని. నరకం మంటల్లో ఉంటుందనే నమ్మకమూ, చలికాలంలో చెరువు గడ్డకట్టడం కళ్లారా చూసిన అనుభవమూ రెండూ ఉన్నవాళ్లకే ఆ మాట తగులుతుంది. గోదావరి గడ్డకట్టడం మనం చూడలేదు. చనిపోయినవాళ్లు మన నమ్మకంలో మంటల్లోకి పోరు, పెద్దలై మనతోనే ఉంటారు. ఇక మన పిల్లలకు ఈ మాట ఎక్కడ పట్టుకుంటుంది? అర్థం తెలుసుకోవాలి, పుస్తకంలో కనిపిస్తే పోల్చుకోవాలి. అంతవరకు చాలు. నార్వే దేశంలో హెల్ అనే పేరుతో ఒక ఊరుందనీ, అది చలికాలంలో గడ్డకడుతుందనీ చెబితే పిల్లలు నవ్వుకుని గుర్తుంచుకుంటారు.

రాయి నుంచి నెత్తురు పిండడానికి మాత్రం తెలుగులో చక్కని జోడీ ఉంది. రాతిలో నార తీయడం. నార తీయడం ఎంత పనో మన ఇళ్లలో తెలుసు కాబట్టి ఈ మాట గట్టిగా తగులుతుంది. పిల్లులను మందగా తోలడం అనే ఇంగ్లీషు మాటకు మన కప్పల తక్కెడ సరిగ్గా సరిపోతుంది. ఒకదాన్ని తక్కెట్లో వేస్తే ఇంకోటి దూకిపోతుంది. చెయ్యలేని పనికి చేతగాని ఆసరా పట్టుకోవడాన్ని కుక్క తోక పట్టుకుని గోదారి ఈదడం అంటారు. ఇంగ్లీషు గైడు రాసినవాళ్లు వీటిలో ఒక్కదాన్నీ పక్కన పెట్టలేదు. 'పందులు ఎగిరినప్పుడు' అని మాటకు మాట దించి ఊరుకున్నారు. మాకు ఇది పెద్ద లోపంగా కనిపిస్తుంది. పిల్లకు ముందే తెలిసిన మాట మీద నిలబెట్టి కొత్త మాట అందిస్తే అందుకుంటుంది. గాలిలో నిలబెట్టి అందుకోమంటే ఎలా?

ఇక్కడ మన తెలుగును కూడా వదిలిపెట్టకూడదు. జరగని దానికి గొడ్రాలి బిడ్డ అనే మాట తెలుగులో ఉంది. బిడ్డలు లేని తల్లి ఆ తరగతి గోడ అవతల వంట చేస్తూ వింటుంటే? ఆ మాట తరగతిలో వాడొద్దని మేము తోటి ఉపాధ్యాయులను కోరుతున్నాం. జాతీయం కదా అని అన్నీ మోసుకు తిరగనక్కర్లేదు.

ఎవరిని చూసి అన్నారు?

అసలు విషయం ఇది. అసాధ్యాల జాతీయాలు కొన్ని వస్తువుల గురించి కావు, మనుషుల గురించి. ఇంగ్లీషులో ఒక పాత సామెత ఉంది: ఆడపంది చెవితో పట్టు సంచి కుట్టలేవు అని. పైకి పంది, పట్టు. లోపల మాత్రం తక్కువ పుట్టుక పుట్టినవాణ్ణి ఎంత దిద్దినా నాగరికుడు కాడనే తీర్పు ఉంది. 1921లో అమెరికాలో ఆర్థర్ డి. లిటిల్ కంపెనీ రసాయన శాస్త్రజ్ఞులు ఈ సామెత పని పట్టారు. పంది చెవులు తెప్పించి, ఉడికించి జిగురు తీసి, దారాలు లాగి, నేసి నిజంగానే పట్టులాంటి సంచులు కుట్టి చూపించారు. వాటిలో ఒకటి అక్కడి జాతీయ మ్యూజియంలో ఉంది. సామెత మాత్రం ఆగలేదు. ఇప్పటికీ గైడుల్లో ఉంది.

చిరుతపులి మచ్చలు మార్చుకోదనే మాట బైబిల్లో యిర్మీయా గ్రంథం నుంచి ఇంగ్లీషులోకి వచ్చింది. అక్కడ చిరుత ఒక్కటే లేదు. దాని పక్కనే నల్లటి మనిషి తన చర్మం మార్చుకోగలడా అనే ప్రశ్న ఉంది. నల్లవాణ్ణి కడిగి తెల్లగా చెయ్యడం అనే మాట ఈసప్ కథ నుంచి వచ్చి, వ్యర్థమైన పని అనే అర్థంలో ఇంగ్లీషులో చాలా కాలం నడిచింది. పంతొమ్మిదో శతాబ్దంలో బ్రిటన్ సబ్బుల ప్రకటనల్లో నల్లపిల్లవాణ్ణి కడిగి తెల్లగా చేసిన బొమ్మలు వేసి సబ్బులు అమ్ముకున్నారు. నలుపు అంటే కడగాల్సిన మురికి అనే ఊహ లేకపోతే ఈ జాతీయమే పుట్టదు. మన పిల్లలు ఎండలో, పోడులో నల్లబడిన పిల్లలు. వాళ్లకు ఈ మాటను అర్థం మాత్రమే చెప్పి దాటిపోవడం మాకు సమ్మతం కాదు. ఎక్కడి నుంచి వచ్చిందో కూడా చెప్పాలి.

ఇక నల్ల హంస. రోమన్ కవి జువెనల్ దాదాపు పంతొమ్మిది వందల ఏళ్ల కింద, దొరకనంత అరుదైన మనిషిని చెప్పడానికి నల్ల హంసతో పోల్చాడు. యూరప్‌లో హంసలన్నీ తెల్లవే. అందుకని నల్ల హంస అంటే లేనిది, ఉండనిది అని వందల ఏళ్లు అక్కడి పండితులు వాడుకున్నారు. 1697 జనవరిలో విల్లెం డి వ్లమింగ్ అనే డచ్చి నావికుడి బృందం పశ్చిమ ఆస్ట్రేలియాలో ఒక నది వెంట పడవల్లో వెళ్లింది. ఆ నీళ్ల మీద నల్ల హంసలు ఈదుతున్నాయి. అందుకే ఆ నదికి హంస నది అని పేరు పెట్టారు. ఈనాడు దాని ఒడ్డున పెర్త్ నగరం ఉంది.

పుస్తకాల్లో దీన్ని 'యూరోపియన్లు నల్ల హంసను కనుగొన్నారు' అని రాస్తారు. ఆ నది ఒడ్డున నూంగార్ ఆదివాసీలు వేల ఏళ్లుగా ఉన్నారు. ఆ పక్షి వాళ్ల భాషలో పేరున్న పక్షి, వాళ్ల కథల్లో తిరిగే పక్షి. వాళ్ల పిల్లలు రోజూ చూసే పక్షి. యూరప్‌లో అసాధ్యం అని రాసుకున్న రోజున కూడా అది అక్కడ గుడ్లు పెట్టి పిల్లలను లేపుతూనే ఉంది. వాళ్లకు కనబడలేదు కాబట్టి లేదన్నారు. ఆ ఒడ్డున ఉన్నవాళ్లను అడిగినవాళ్లు లేరు.

ఈ సంగతి చదివిన రోజు మాకు ఆ అధికారి గుర్తుకొచ్చారు. ఇంగ్లీషు మాట్లాడే ఆదివాసీ పిల్ల ఆయన చూడని హంస. ఆయన చూడకపోవడం ఆయన అనుభవంలో లోటు, మన పిల్లల్లో లోటు కాదు. మన ఏజెన్సీ పిల్ల ఇంట్లో ఒక భాష మాట్లాడుతుంది, సంతలో తెలుగు మాట్లాడుతుంది, సరిహద్దు ఊళ్లలో అయితే ఒడియానో హిందీనో కూడా అందుకుంటుంది. పదేళ్లకే రెండు మూడు భాషలు మోసే పిల్లకు నాలుగోది అసాధ్యమని ఏ లెక్కన అన్నారు?

నిజంగా అసాధ్యమైనవి

అంటే అసాధ్యం అనేదే లేదని, మనసు పెడితే అన్నీ అయిపోతాయని మేము అనడం లేదు. అది కూడా పిల్లలకు చెప్పే అబద్ధమే. "స్క్వేరింగ్ ది సర్కిల్" అనే జాతీయం ఉంది. ఒక వృత్తానికి సరిగ్గా సమానమైన వైశాల్యం గల చతురస్రాన్ని స్కేలు, వృత్తలేఖిని మాత్రమే వాడి గీయడం. గ్రీకుల కాలం నుంచి రెండు వేల ఏళ్లకు పైగా ప్రయత్నించారు. 1882లో జర్మనీ గణిత శాస్త్రజ్ఞుడు లిండెమన్ పై అనే సంఖ్య స్వభావాన్ని రుజువు చేయడంతో అది ఎవరివల్లా కాదని తేలిపోయింది. ఇక్కడ 'కాదు' అన్నది రుజువు. ఎవరి మొహమూ చూసి అన్న మాట కాదు.

కాబట్టి అసాధ్యాలను మూడు కుప్పలు పోయాలి. రుజువుతో అసాధ్యమని తేలినవి ఒక కుప్ప, వృత్తం–చతురస్రం లాంటివి. ఇంతవరకు చూడలేదు కాబట్టి లేదన్నవి రెండో కుప్ప, నల్ల హంస లాంటివి. జరగకూడదని కోరుకుని అసాధ్యమన్నవి మూడో కుప్ప, పంది చెవి – పట్టు సంచి లాంటివి. మొదటి కుప్ప చిన్నది. మనకు తగిలే మాటలన్నీ రెండో కుప్పలో, మూడో కుప్పలో ఉంటాయి. నిజామాబాద్ జిల్లా పాకాల గ్రామానికి చెందిన గిరిజన బాలిక మలావత్ పూర్ణ 2014 మే 25న ఎవరెస్టు ఎక్కినప్పుడు ఆమెకు పద్నాలుగేళ్లు నిండలేదు. గురుకుల పాఠశాలలో చదివే పిల్ల. ఆమె ఎక్కకముందు ఈ మాట ఎవరితోనైనా అని చూస్తే ఏ కుప్పలో వేసేవారో మనకు తెలుసు. అయితే ఆమె వెనక శిక్షణ ఉంది, నేర్పినవాళ్లు ఉన్నారు, ఖర్చు పెట్టిన వ్యవస్థ ఉంది. అది మరిచిపోయి 'చూడు, ఆమె ఎక్కలేదా' అని చేతికి ఏమీ ఇవ్వకుండా పిల్లలను కొండ ఎక్కమనడం కూడా అన్యాయమే. ఇంగ్లీషు చెప్పే ఉపాధ్యాయుడు లేని బడిలో పిల్లకు ఇంగ్లీషు రాకపోతే అది పిల్ల అసాధ్యం కాదు, బడి లోటు.

తరగతిలో ఏం చేయొచ్చు

మేము చేసి చూసినవి రెండు మూడు చెబుతాం. ఒకటి, జాతీయం చెప్పేటప్పుడు నాలుగు ప్రశ్నలు వేయించాలి: అర్థం ఏమిటి, ఎవరు ఎవరితో అంటారు, ఎక్కడ అనకూడదు, ఇంట్లో దీనికి మన మాట ఏమిటి. నాలుగో ప్రశ్నకు జవాబు గైడులో దొరకదు, అవ్వను అడగాలి. పిల్లలు ఇళ్ల నుంచి తెచ్చిన మాటలు ఒక నోటుబుక్కులో రాయించండి. కోయ, గోండి, కొండరెడ్డి, సవర, లంబాడీ ఏ ఇంటి మాటైనా తెలుగు లిపిలో రాయొచ్చు. రెండేళ్లు అలా రాస్తే ఆ బడికి సొంత జాతీయాల పుస్తకం తయారవుతుంది.

రెండు, మూడు కుప్పల ఆట. చీటీల మీద జాతీయాలు రాసి, ఏది ఏ కుప్పలోకి పోతుందో పిల్లలనే వాదించుకోనివ్వాలి. వాదన ఏ భాషలో జరిగినా ఫరవాలేదు. ఒకసారి పందుల చీటీ మీద గొడవ పడ్డారు. 1909 నవంబర్ 4న ఇంగ్లండ్‌లో మూర్ బ్రబజాన్ అనే విమాన చోదకుడు పంది పిల్లను ఒక బుట్టలో పెట్టి, ఆ బుట్టను విమానానికి కట్టి గాలిలో తిప్పాడని మేము చెప్పాం. ఈ జాతీయాన్ని వేళాకోళం చేయడానికే అతను ఆ పని చేశాడు. ఒక పిల్లవాడు "అది ఎగరడం కాదు సార్, మోయడం" అన్నాడు. ఇంకొకడు "మనుషులు కూడా అంతే కదా, విమానం మోస్తే ఎగిరారు" అన్నాడు. ఆ పీరియడులో ఇంగ్లీషు పాఠం బాగా సాగిందని మా నమ్మకం.

మూడు, మాట మనల్ని కించపరిచినప్పుడు అర్థం దాచకూడదు. మేము దాచాం. పిల్లలు నొచ్చుకుంటారనుకున్నాం కానీ, నిజానికి దాచింది మా సిగ్గు కోసం. అర్థం తెలిస్తే పిల్ల జవాబు ఆలోచించుకుంటుంది. తెలియకపోతే వాళ్లతో కలిసి తన మీద తానే నవ్వుతుంది.

ఎనిమిదో తరగతిలో గైడు తెచ్చి అడిగిన ఆ పాపకు అవునమ్మా, ఇదే అన్నాడు, మేము నీకు తప్పు చెప్పాం అని ఒప్పుకున్నాం. కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత, "మరి దీన్ని ఇంగ్లీషులో తిరిగి ఎలా అనాలి సార్?" అని అడిగింది. ఇద్దరం కూర్చుని ఒక వాక్యం తయారు చేశాం. 'సర్, హ్యావ్ యూ సీన్ ఎ బ్లాక్ స్వాన్?' అన్నది ఆ వాక్యం. అందులో 'ఎ' మరిచిపోకుండా రాసింది. తర్వాతి తనిఖీకి ఆ అధికారి రాలేదు, వేరొకరు వచ్చారు. ఆ వాక్యం వాడే అవసరం రాలేదు. నోటుబుక్కులో అలాగే ఉంది.